బ్యాడ్మింటన్ హాల్లో నాలుగేళ్లు: నేను కట్టుకున్న 36 గ్రాముల విమానం

ఇది రిమోట్‌తో ఎగిరే చిన్న విమానం. బ్యాటరీతో కలిపి దీని బరువు 36 గ్రాములు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 60 సెంటీమీటర్లు. 2021 చివర్లో కట్టాను. అప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాల లెక్కన, కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గరున్న బ్యాడ్మింటన్ హాల్లో ఎగరేస్తున్నాను. నేను రాసుకునే పుస్తకంలో ఇప్పటికి 370 సార్లు గాల్లోకి లేచినట్టు లెక్క ఉంది. మోటార్లు ఏడు మారాయి. రెక్క రెండోది. తోక మాత్రం మొదటి రోజుదే, నాలుగు చోట్ల టేపు వేసి ఉంది.

ఇంత వాడాక చెప్పగలిగిన మొదటి మాట బరువు గురించే. దీనికి ముందు ఇదే కొలతల రెక్కతో ఇంకో విమానం కట్టాను. స్టేషనరీ షాపుల్లో రెండు వైపులా కాగితం అంటించిన ఫోమ్ బోర్డు దొరుకుతుంది కదా, దానితో. రెక్క ఒక్కటే 40 గ్రాములు వచ్చింది, మొత్తం విమానం 82. మైదానంలో బాగానే ఎగిరింది. హాల్లోకి తెస్తే మూడో మలుపులోనే గోడకు కొట్టుకుంది. నా చేతిలో తప్పుందేమో అనుకుని నెల రోజులు దాన్నే ఎగరేసే ప్రయత్నం చేశాను. తప్పు చేతిది కాదు, లెక్కది. రెక్క వైశాల్యం మారకుండా బరువు నాలుగు రెట్లయితే, గాల్లో నిలబడటానికి కావలసిన వేగం రెండు రెట్లవుతుంది. మలుపుకు కావలసిన చోటు మాత్రం బరువుతో సమానంగా, అంటే నాలుగు రెట్లూ పెరుగుతుంది. ఆ 82 గ్రాముల విమానం వేగం గంటకు పదిహేను కిలోమీటర్ల కన్నా తగ్గితే పడిపోయేది. ముప్ఫై డిగ్రీలు ఒరిగి గుండ్రంగా తిరగాలంటే దానికి కనీసం ఆరున్నర మీటర్ల వెడల్పు కావాలి. బ్యాడ్మింటన్ కోర్టు వెడల్పు 6.1 మీటర్లు. ఇక ఆ కోర్టులో అది తిరిగేదెక్కడ?

ఇప్పటి విమానం గంటకు పది కిలోమీటర్లకు హాయిగా ఎగురుతుంది. పక్కనే మెల్లగా జాగింగ్ చేస్తూ దానితో పాటు వెళ్లొచ్చు. మూడు మీటర్లలో వెనక్కి తిరుగుతుంది. గోడకు తగిలినా తగిలే దెబ్బ పాతదానితో పోలిస్తే ఐదో వంతు. అందుకే ఇన్నేళ్లు బతికింది. వంద చదరపు సెంటీమీటర్ల రెక్కకు ఎన్ని గ్రాములు పడుతున్నాయో చూసుకోవడం నాకు ఇప్పుడు అలవాటైపోయింది. దీనికి 3.75 వస్తుంది. ఒక్క కోర్టున్న హాలైతే ఐదు దాటకండి.

దీన్ని బయట ఎగరేయొచ్చా అని చాలామంది అడుగుతారు. గంటకు పది కిలోమీటర్ల గాలి అంటే మనకు చెట్టు ఆకులు కదిలినట్టు ఉంటుంది, అంతే. ఈ విమానం వేగం కూడా అంతే కాబట్టి ఆ గాలికి ఎదురెళ్తే ఉన్నచోటే నిలబడిపోతుంది. ఇంకొంచెం వీస్తే వెనక్కి వెళ్తుంది. ఇది హాలు కోసమే పుట్టిన వస్తువు. సైనా, సింధు పుణ్యమా అని హైదరాబాద్‌లో పేటకో బ్యాడ్మింటన్ హాలు వచ్చింది. షటిల్ పక్కకు పోకూడదని వాళ్లు ఫ్యాన్లు వేయరు, కిటికీలు తెరవరు. మనకు కావలసింది అదే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కోర్టులు ఖాళీగా ఉంటాయి, అద్దె కూడా తగ్గిస్తారు.

ఇక రెక్క దేనితో చేయాలన్నది అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. మొదట్లో ఫంక్షన్లలో వాడే పల్చటి థర్మకోల్ ప్లేట్లు కోసి ముక్కలు అతికేవాణ్ని. చాలా తేలిక, పైగా చవక. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2022 జులై 1 నుంచి వచ్చిన నిషేధంలో ఆ ప్లేట్లు కూడా ఉన్నాయి. ఆ నిషేధం అవసరమైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఇప్పుడు వాడేది 3 మిల్లీమీటర్ల డెప్రాన్. యూరప్‌లో గోడలకూ చెక్క ఫ్లోరింగ్ కిందా చలి ఆపడానికి వేసే ఫోమ్ షీట్ ఇది. నిఖార్సైన 3 మిల్లీమీటర్ల షీట్ చదరపు మీటరుకు వంద, నూట పది గ్రాములు తూగుతుంది. జర్మనీలో ఉన్న మా తమ్ముడు సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసు అడుగున నాలుగు షీట్లు పరిచి తెచ్చాడు. "అన్నయ్యా, నా బట్టలన్నీ తీయించి ఇవి పెట్టించావు" అని ఇప్పటికీ అంటాడు. ఆ నాలుగు షీట్లలో ఒకటిన్నర ఇంకా మిగిలే ఉంది. మన దగ్గర ఆన్‌లైన్‌లో అదే పేరుతో అమ్మేవాటిని కొనేముందు ఒక ముక్క తూచమని అడగండి. నాకొకసారి దాదాపు రెట్టింపు బరువున్న షీట్ వచ్చింది.

తూకం అనగానే గుర్తొచ్చింది. ఈ పనికి ముందు కొనాల్సింది మోటారు కాదు, కంసాలి వాడేలాంటి చిన్న తూకం మెషిన్. గ్రాములో వందో వంతు చూపించేది నాలుగైదు వందలకే వస్తుంది. నా విమానం లెక్క ఇది: రెక్క పదిన్నర గ్రాములు, తోక మూడు, కార్బన్ కడ్డీలతో చేసిన ఒళ్లు మూడు, గేరుతో కలిపి మోటారు ఐదున్నర, ప్రొపెల్లర్ ఒకటి, తోక పలకల్ని తిప్పే రెండు చిన్న మోటార్లు (సర్వోలు) మూడున్నర, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఒకటిన్నర, బ్యాటరీ నాలుగున్నర, చక్రాలు ఒకటిన్నర. మిగిలిన రెండు గ్రాములు జిగురు, టేపు, వైర్లు. ఆ రెండు గ్రాములు ఐదు కాకుండా చూసుకోవడమే అసలు కష్టం. మామూలు ఇన్‌స్టంట్ జిగురు ఈ ఫోమ్‌ను తినేస్తుంది, చుక్క పడ్డచోట బొక్క పడుతుంది. ఫోమ్‌కు పనికొచ్చే రకం విడిగా అమ్ముతారు, అదే తీసుకోండి. టూత్‌పిక్ కొసతో పెట్టాలి. సీసా ముక్కుతో పోస్తే గ్రాములు పెరిగిపోతాయి.

రెక్కను చదునుగా ఉంచొద్దు. ఇంత చిన్న రెక్క, ఇంత తక్కువ వేగం ఉన్నప్పుడు పెద్ద విమానాల్లా మందమైన రెక్క పని చేయదు. పల్చటి షీట్‌ను కొంచెం విల్లులా వంచితేనే బాగా లేస్తుంది. నా రెక్క వెడల్పు 16 సెంటీమీటర్లు, మధ్యలో ఎత్తు దాదాపు ఒక సెంటీమీటర్. చపాతీ కర్ర మీద షీట్ పెట్టి, హెయిర్ డ్రయర్‌తో దూరం నుంచి వెచ్చబెడుతూ మెల్లగా అదిమితే ఆ వంపు వస్తుంది. తొందరపడితే షీట్ చిట్లుతుంది. వంచిన రెక్కతో మొదటిసారి ఎగరేసిన రోజు థ్రాటిల్ (మోటారు వేగం పెంచే పుల్ల) సగం దగ్గరే పెట్టినా పైకి వెళ్లిపోతుంటే, బ్యాటరీ మార్చి మళ్లీ చూశాను, నిజమేనా అని. ఇంకో మాట: ఇందులో ఏలెరాన్లు, అంటే విమానాన్ని ఒరిగించే రెక్క పలకలు, లేవు. తోక మీది నిలువు పలక, అంటే రడ్డర్‌తోనే తిరగాలి. కాబట్టి రెక్క రెండు కొసలూ పైకి లేచి ఉండాలి. ఒక్కో వైపు పది డిగ్రీలు పెట్టాను. ఐదు పెట్టినప్పుడు రడ్డర్ కొడితే ముక్కు మాత్రమే పక్కకు తిరిగేది, విమానం ఒరిగేది కాదు.

మోటారు విషయంలో రెండేళ్లు తప్పు దారిలో వెళ్లాను. ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల చిన్న కోర్‌లెస్ మోటార్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వాటికి నేరుగా చిన్న ప్రొపెల్లర్ తగిలించాను. దోమలా గీ అంటూ తిరిగేది, ఐదు నిమిషాల్లో బ్యాటరీ అయిపోయేది. తర్వాత పాడైపోయిన బొమ్మ డ్రోన్ నుంచి గేరుతో సహా మోటారు విప్పి, అదనపు ప్లాస్టిక్ కోసేసి పెట్టాను. పెద్ద ప్రొపెల్లర్ మెల్లగా తిరుగుతుంది, తక్కువ కరెంటుతో ఎక్కువ గాలిని వెనక్కి నెడుతుంది. ఇప్పుడు ఎనిమిది నుంచి పది నిమిషాలు వస్తోంది, శబ్దం కూడా తగ్గింది. ఈ మోటార్లకు లోపల చిన్న బ్రష్‌లుంటాయి, అవి అరుగుతాయి. నాకు యాభై ఎగురుళ్లకో మోటారు చొప్పున అయిపోతోంది. అరిగిన సంగతి ముందే తెలుస్తుంది: ఎప్పుడూ సగం థ్రాటిల్‌తో వెళ్లేది ముప్పావు అడుగుతుంది. అప్పుడే మార్చేయండి, పడేదాకా ఆగొద్దు.

బ్యాటరీ ఒక్క సెల్ లిపో (లిథియం పాలిమర్), 150 మిల్లీయాంప్-అవర్. ఇలాంటి సెల్ రావడం వల్లే ఈ ఆట సాధ్యమైంది. 1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ 'రేడియో క్వీన్' అనే విమానాన్ని కరెంటు మోటారుతో, రేడియో కంట్రోల్‌తో ఎగరేశారు. అందులో వాడినవి వెండి, జింకు బ్యాటరీలు. అది చేతుల నిండా పట్టుకోవాల్సిన పెద్ద విమానం. ఇప్పుడు మన బ్యాటరీ చిటికెన వేలంత. నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు. నేను 3.5 దగ్గరే దించేస్తాను, మూడు కిందికి పోతే ఆ సెల్ ఇక మునుపటిలా ఉండదు. వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. నిండా ఛార్జ్ చేసి ఎండాకాలం బీరువాలో వదిలేసిన మూడు సెల్‌లు ఉబ్బిపోయాయి. ఇంకో చిన్న సంగతి: బ్యాటరీ కనెక్టర్ వదులైతే విమానం బలం లేనట్టు ఎగురుతుంది. మోటారు పోయిందనుకుని రెండుసార్లు విప్పాను, రెండుసార్లూ తప్పు కనెక్టర్‌లోనే ఉంది.

రెక్క మారడానికి కారణం కూడా ఎండే. 2023 మే నెలలో హాలు నుంచి వస్తూ భోజనానికి ఆగాం. అద్దాలన్నీ మూసిన కారులో వెనక సీటు మీద గంటన్నర ఉంది. వచ్చేసరికి ఎడమ రెక్క కొస మెలి తిరిగిపోయింది. వేడి పెట్టి సరిచేద్దామని చూశాను, కుదరలేదు. మెలి తిరిగిన రెక్కతో రిమోట్‌లో ఏ ట్రిమ్ (చిన్న సర్దుబాటు) పెట్టినా విమానం ఒక పక్కకే పడుతుంది. అప్పటి నుంచి అట్టపెట్టెలో, చల్లటి చోట తప్ప ఎక్కడా పెట్టడం లేదు.

రెడీమేడ్ విమానం కొంటే సరిపోదా అంటే, అదీ వాడాను, ఏడాదిన్నర. మొదటి రోజు నుంచే చక్కగా ఎగిరింది. మన చేతిపని ఇంకా కుదరనప్పుడు ఎగరేయడం ఎలా ఉంటుందో తెలియడానికి అది మంచి దారి. కానీ రిసీవర్, సర్వోలు, మోటారు కంట్రోల్ అన్నీ ఒకే చిన్న బోర్డు మీద ఉన్నాయి. ఒక సర్వో పోయింది, మొత్తం బోర్డు మార్చాలన్నారు, ఆ బోర్డు ఇక్కడ దొరకలేదు. ఆ విమానం ఇప్పుడు గోడకు వేలాడుతోంది. నా విమానంలో సర్వో పోతే పావుగంట పని. నా ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 రిమోట్ మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సిగ్నల్ వదల్లేదు. ఇంత చిన్న హాలుకు అంతకన్నా ఖరీదైనది అవసరం లేదు.

హాల్లో ఇబ్బంది పెట్టేవి రెండు: నెట్, పైకప్పు రేకుల కింది ఇనుప పట్టీలు. నెట్ దించమంటే దించుతారు. పట్టీల్లో ఇరుక్కుంటే మాత్రం పొడవాటి బూజుకర్రే దిక్కు, దాని కొసకు మెత్తటి గుడ్డ చుట్టి తీసుకెళ్తాను. హాలు చూసుకునే కుర్రాడు మొదట్లో అనుమానంగా చూసేవాడు. ఇప్పుడు టైమ్ అయిపోయినా "అన్నా, ఇంకో బ్యాటరీ ఉందా? లైట్లు ఉంచుతాలే" అంటున్నాడు. మా అమ్మాయి తొమ్మిదో ఏట దీని మీదే నేర్చుకుంది. "నాన్నా, ఇది నన్ను ఆలోచించుకోనిస్తుంది" అంది ఒకసారి. రిమోట్ పుల్లలు తిప్పే చేతికి, కంటికి మధ్య సమయం దొరకడం ఎంత ముఖ్యమో ఆ మాటతోనే నాకు బాగా అర్థమైంది.

రొమేనియాలో స్లానిక్ ఉప్పు గని లోపల రబ్బరు పురితో తిరిగే విమానాల పోటీలు జరుగుతాయి. ఎఫ్1డి అనే ఆ రకంలో రబ్బరు కాకుండా విమానం బరువు 1.4 గ్రాములుంటే చాలు, అవి అరగంట దాకా గాల్లో ఉంటాయి. వాటి గురించి చదివిన ప్రతిసారీ నా 36 గ్రాములు ఎక్కువే అనిపిస్తుంది. అందుకే కొత్తది మొదలుపెట్టాను. డెప్రాన్ షీట్‌కు బదులు ఒక మిల్లీమీటర్ కార్బన్ కడ్డీల చట్రం, మీద పల్చటి ప్లాస్టిక్ పొర. ఆ కడ్డీ మీటరు పొడవు ఒకటింపావు గ్రామే. రెక్క చట్రం నిన్న రాత్రి పూర్తయింది, తూకం మీద 4.10 గ్రాములు చూపించింది. పొర అంటించాక ఆరు దాటకపోతే రిసీవర్, సర్వోలు పాతదాని నుంచి విప్పుతాను. దాటితే ఆ చట్రం పక్కన పెట్టి ఇంకోటి కడతాను. పాతది మాత్రం వచ్చే ఆదివారం కూడా ఎగురుతుంది, ఎనిమిదో మోటారు బిగించే ఉంచాను.