బరంపురంలో పాత పిన్‌బాల్ యంత్రం: దళారి లేకుండా అమ్మిన అనుభవం

పన్నెండేళ్లు మా వరండాలో ఉన్న పిన్‌బాల్ యంత్రాన్ని (అద్దం కింద వాలుగా ఉండే బల్ల మీద ఉక్కు బంతిని కొడుతూ ఆడే ఆటయంత్రం), మధ్యలో దళారి లేకుండా, ఒడిశా సముద్రతీరంలోని గోపాల్‌పూర్‌లో అతిథిగృహం నడుపుతున్న ఒక తెలుగాయనకు గత నెలలో అమ్మాను. బరంపురం చుట్టుపక్కల ఇలాంటి వస్తువు అమ్మదలచినవారికి నేను ఈ పద్ధతినే గట్టిగా సూచిస్తాను.

మొదట ఒక పాత సామాన్ల వ్యాపారికి చూపించగా, ఆయన స్విచ్ వేసి చూపమని కూడా అడగకుండా, ఇనుము, చెక్క లెక్కన 30 వేలు ఇస్తానన్నారు. 1990 ప్రాంతంలో షికాగోలో తయారై, బంతి తగలగానే దాన్ని వెనక్కి తన్నే బంపర్లన్నీ ఇప్పటికీ చురుగ్గా కొడుతున్న యంత్రానికి ఆ మాట వినడం నాకు బాధ కలిగించింది.

గోపాల్‌పూర్ ఆయన వచ్చినప్పుడు, ఆడించి చూపడానికి ముందే లోపాలు చూపాను. వెనుక పెట్టె తెరిచి, ప్రధాన సర్క్యూట్ బోర్డు మీద ఒకప్పుడు బ్యాటరీ సెల్లు కారి రాగి గీతలను తినేసిన చోటునూ, మెకానిక్ సన్నని తీగలతో అతికిన అతుకులనూ, సెల్లను బోర్డుకు దూరంగా మార్చిన కొత్త గూటినీ టార్చి వెలుగులో చూపించాను. ఎడమ ఫ్లిప్పర్ (బంతిని పైకి కొట్టే మీట) కుడిదానంత బలంగా కొట్టదనీ, యంత్రం అమెరికా కరెంటుకు అమర్చి ఉంది కనుక దానితో ఇస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టులకు ఎన్నడూ తగిలించకూడదనీ చెప్పాను. ఆయన అరగంట ఆడిన తరువాత, ఉక్కు బంతిని బయటికి తీయించి, అరచేతిలో తిప్పి చూసి, "సముద్రపు గాలికి ఇది తుప్పు పట్టదాండీ?" అని అడిగారు. పడుతుందనీ, గరుకెక్కిన బంతి ఆటబల్ల మీది రంగును గీరేస్తుంది కనుక తరచూ తుడిచి, అవసరమైతే మార్చాలనీ చెప్పాను. యంత్రాన్ని చూసుకునే మనిషి దొరికాడని ఆ ప్రశ్నతోనే నాకు నమ్మకం కలిగింది. బేరం 75 వేలకు కుదిరింది. 10 వేలు అప్పుడే ఫోన్ ద్వారా పంపారు, మిగతాది బండిలోకి ఎక్కించే ముందు ఇచ్చారు. చెప్పిన లోపాలన్నీ కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు చేశాం.

అసలు శ్రమంతా తరలింపులోనే ఉంది. బరువు 100 కిలోలకు పైమాటే కనుక నలుగురు మనుషులు కావాలి. లోపల బంతి ఉండిపోతే దారి పొడవునా దొర్లి ఆటబల్లను పాడుచేస్తుంది కనుక దాన్ని ముందే తీసి గుడ్డలో చుట్టాను. వెనుక పెట్టెను ముందుకు మడిచి, కింద దుప్పటి పరిచి, కాళ్ల బోల్టులు విప్పాం. పై అద్దాన్ని మాత్రం టైల్స్ మీద అంచుతో నిలబెట్టకూడదు. మూలకు చిన్న దెబ్బ తగిలినా మొత్తం పొడిపొడి అవుతుంది. మేము దాన్ని చాప మీద పడుకోబెట్టాం.

పది రోజుల తరువాత ఆయన ఫోన్ చేసి, ఎడమ ఫ్లిప్పర్ మరీ నీరసించిందన్నారు. ప్లగ్ తీసేసి, ఫ్లిప్పర్ కింద ఉండే స్విచ్ కొనలను సన్నని ఆకురాయితో మెల్లగా రుద్దమన్నాను. సాయంత్రానికల్లా రెండూ సమానంగా కొడుతున్నాయని వీడియో పంపారు.