బ్రేకు తాళ్ళే సగం కైట్: 3 మీటర్ల పవర్ కైట్‌తో మూడేళ్ళు

పవర్ కైట్ అంటే మనిషిని లాగేంత బలమున్న గాలిపటం. అందులో నాలుగు తాళ్ళ ఫాయిల్ కైట్, 3 చదరపు మీటర్లది, మూడేళ్ళ క్రితం తీసుకున్నాను. అప్పటిదాకా నాకు తెలిసిన గాలిపటాలన్నీ ఒంటి దారంవే. ఏ కంపెనీదో చెప్పను. మొదటి కైట్‌గా అమ్మే ఈ రకం ఫాయిల్స్ అన్నీ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, కాబట్టి నేను చెప్పేదాంట్లో చాలా భాగం ఏది కొన్నా పనికొస్తుంది. నా బరువు 72 కిలోలు. ఇది చెప్పి తీరాలి, ఎందుకంటే కైట్ సైజు గురించి ఎవరు సలహా ఇచ్చినా ముందు వాళ్ళ బరువెంతో అడగాలి. 55 కిలోల మనిషిని ఈడ్చుకుపోయే కైట్ 95 కిలోల మనిషికి చేతులు మాత్రమే లాగుతుంది.

ఫాయిల్ అంటే కర్రలూ పుల్లలూ ఏమీ ఉండవు. రెండు పొరల గుడ్డ, మధ్యలో గదులు, ముందంచులో వాటికి నోళ్ళు. గాలి ఆ నోళ్ళలో దూరి కైట్‌ని రెక్కలా ఉబ్బిస్తుంది. 1960లలో డొమినా జాల్‌బర్ట్ తయారుచేసిన పారాఫాయిల్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. పారాగ్లైడర్లదీ ఇదే కుటుంబం. 2024 పారిస్ ఒలింపిక్స్ కైట్ రేసుల్లో నీళ్ళ మీద దూసుకెళ్ళినవీ ఫాయిల్సే, కాకపోతే వాటి ముందు నాది బొమ్మ. విరగడానికి కర్రలు లేవు కదా అని నేను మొదట్లో ఎలా పడితే అలా నేలకి కొట్టాను. అది తప్పు. గాలి నిండిన గది ముక్కు మీద పడితే లోపలి గాలి పోవడానికి దారి ఉండదు. కుట్లు పిగిలిపోతాయి. నా కైట్‌లో ఎడమ చివర రెండో గది గోడ అలాగే పోయింది.

తీసుకునేటప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. రెండు తాళ్ళది తేలిక. రెండు చేతుల్లో రెండు పట్టీలు, సైకిల్ హ్యాండిల్ తిప్పినట్టు కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి. పది నిమిషాల్లో వచ్చేస్తుంది. కానీ అది నేల మీద బోర్లా పడిందంటే నడిచి వెళ్ళి తిరగేయాల్సిందే. మూడు తాళ్ళది బార్‌తో, అంటే రెండు చేతులతో పట్టుకునే అడ్డకడ్డీతో వస్తుంది, మూడో తాడు సేఫ్టీ కోసం. ముందు ముందు నీళ్ళ మీదికి వెళ్ళాలనుకునేవాళ్ళు దాంతో మొదలుపెడితే బార్ అలవాటవుతుంది. నాలుగు తాళ్ళ దాంట్లో రెండు హ్యాండిల్స్ ఉంటాయి. ఒక్కో హ్యాండిల్ పై కొసన లాగుడంతా మోసే ఒక పవర్ తాడు, కింది కొసన కైట్ వెనకంచుని లాగే ఒక బ్రేకు తాడు. నేను దీన్ని ఎంచుకోవడానికి ఒకే ఒక కారణం, కింద పడ్డ కైట్‌ని వెనక్కి నడిపించి, మనం నిలబడ్డచోటి నుంచే తిరిగి లేపచ్చని విన్నాను. నాలుగు తాళ్ళ ఆలోచన కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు గుర్రాల్లేకుండా కైట్లు కట్టి బండి నడిపాడు, 1826లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన కూడా నాలుగు తాళ్ళతోనే కైట్‌ని అదుపుచేశాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత నేను అదే పనికి ఆపసోపాలు పడ్డాను.

మొదటి రోజు సంగతి చెప్పాలి. గాలి కొలిచే మీటరు లేదు. చిన్న చెట్లు మొదలంటా ఊగుతున్నాయి, నాకు అది మంచి శకునంలా కనిపించింది. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బోఫర్ట్ లెక్కలో అది 5, అంటే గంటకి 29 నుంచి 38 కిలోమీటర్ల గాలి. 3 మీటర్ల కైట్‌తో కొత్తవాడు గుమ్మం దాటకూడని గాలి. ఇది చాలదన్నట్టు కైట్‌ని సరిగ్గా నా ఎదురుగా, గాలి పోయే దిక్కులో నడిమధ్యన పరిచాను. హ్యాండిల్స్ ఇలా లాగానో లేదో, టపటపమని ఉబ్బి నిట్టనిలువుగా లేచింది. నాలుగడుగులు పరిగెత్తాను, ఐదో అడుగు నేల మీద లేదు. బోర్లా పడి గడ్డిలో పది మీటర్లు జారాను. మణికట్లకి సేఫ్టీ పట్టీలున్నాయి. హ్యాండిల్స్ వదిలేస్తే చాలు, పట్టీలు బ్రేకు తాళ్ళని లాగుతాయి, కైట్ వెనక్కి మడతపడి బలం పోతుంది. వదిలెయ్ అని బుర్ర చెబుతూనే ఉంది, వేళ్ళు వినలేదు. పడిపోయేవాడు దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు, అది పుట్టుకతో వచ్చిన గుణం. పైగా హ్యాండిల్స్‌ని గుండెకేసి లాక్కున్నాను, ఇంకాస్త బలంగా లాగింది. మోచేతుల తోలు రెండు వారాలకి గానీ మానలేదు.

తర్వాత నెల రోజులు చిన్న గాలిలో, కైట్ ఎగురుతుండగా కావాలని హ్యాండిల్స్ వదిలేసే అభ్యాసం చేశాను. ఒక్కో పూటకి ఐదారుసార్లు. మిగతా ఏ విద్యకంటే ముందు చేతులకి ఇది నేర్పాలి.

గాలి గురించి రెండు ముక్కలు. గాలికి వీపు పెట్టి నిలబడితే మీ ముందు పావు గోళం ఆకారంలో కైట్ తిరగగల చోటు ఉంటుంది. దాన్నే విండ్ విండో అంటారు. దాని అంచుల్లో, అంటే కుడి ఎడమ కొసల్లో, నడినెత్తిన, కైట్ ఊరికే నిలబడుతుంది, లాగుడు తక్కువ. నడిమధ్య, మీకు నేరుగా ఎదురుగా ఉన్నదే పవర్ జోన్. అక్కడ కదలకుండా ఉన్న కైట్ కంటే దాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయే కైట్ ఎన్నో రెట్లు లాగుతుంది, ఎందుకంటే తన వేగంతో తనే గాలి పుట్టించుకుంటుంది. అంచున లేపితే నిదానంగా నడినెత్తికి ఎక్కుతుంది. మధ్యలో లేపితే నా మొదటి రోజే. ఇంకోటి, గాలి వేగం రెట్టింపయితే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 15 కిలోమీటర్ల గాలిలో హాయిగా ఆడుకుంటున్న కైట్ మీద 30 కిలోమీటర్ల విసురు తగిలితే ఏమవుతుందో లెక్క వేసుకోండి. అందుకే సగటు గాలి కన్నా విసురుల తేడా చూడాలి. ఇళ్ళూ చెట్ల వరసా దాటొచ్చే గాలి సుళ్ళు తిరుగుతుంది. అడ్డం ఎంత ఎత్తుంటే దానికి కనీసం ఏడెనిమిది రెట్ల దూరం వెళ్ళి నిలబడతాను నేను. కరెంటు తీగలు, రోడ్డు, ఉరుములు ఉన్నచోట సంచి విప్పను. మనుషులు నడిచే దారి కూడా వద్దు. ఈ తాళ్ళు డైనీమా అనే చాలా గట్టి కృత్రిమ పీచుతో చేసినవి. బిగిసిన డైనీమా తాడు సన్నగా ఉండి కంటికి కనపడదు, మెడకి తగిలితే కత్తే.

నా కైట్‌కి నచ్చే గాలి గంటకి 12 నుంచి 22 కిలోమీటర్లు. 10కి తగ్గితే తడిసిన దుప్పటిలా వేలాడుతుంది. 25 దాటితే మడమలు నేలలో గుచ్చి వెనక్కి వాలాల్సిందే.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. నాలుగో నెలలో కైట్ చెడిపోయిందనుకున్నాను. లేచేది కాదు. లేచినా నడినెత్తిన నిలబడలేక వణుకుతూ వెనక్కి జారిపోయేది. పైగా వదిలేస్తే కుడికి తిరిగేది. గుడ్డ సాగిపోయింది, గాలి కారిపోతోంది అని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని కొత్తదానికోసం వెతకడం మొదలుపెట్టాను. ఆ రోజు మా అన్నయ్య కూతురు నాతో వచ్చింది. కాసేపు చూసి, "బాబాయ్, పెడల్ తొక్కుతూ బ్రేకు పట్టుకున్నట్టుంది" అంది.

"నేను బ్రేకు ముట్టుకోలేదమ్మా" అన్నాను.

"నువ్వు ముట్టుకోలేదు, మరి ఆ కింది తాళ్ళు అంత బిగుతుగా ఎందుకున్నాయి?"

చూస్తే నిజమే. నాలుగు తాళ్ళనీ విప్పి ఒక కొస నేలలో దించిన మేకుకి తగిలించి, రెండో కొసలు ఒకేచోట పట్టుకుని సమంగా లాగాం. కొత్తలో నాలుగూ ఒకే పొడవు. ఇప్పుడు పవర్ తాళ్ళు బ్రేకు తాళ్ళ కన్నా ఆరేడు సెంటీమీటర్లు పొడుగున్నాయి. ఎడమ పవర్ తాడు కుడిదానికన్నా ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువ. డైనీమా రబ్బరులా సాగదు, కానీ నెలల తరబడి మనిషి బరువంతా మోసే పవర్ తాళ్ళు కొద్దికొద్దిగా పొడవవుతాయి, కొసల్లో ముడులు బిగుసుకుంటాయి. బ్రేకు తాళ్ళ మీద అంత బరువు పడదు కాబట్టి అవి అలాగే ఉంటాయి. ఫలితం, నేను ఏమీ చేయకపోయినా కైట్ ఎప్పుడూ బ్రేకు మీదే ఉంది. కుడి తాడు పొట్టి కాబట్టి ఎప్పుడూ కుడికి లాగుతున్నట్టే.

మందు సంచిలోనే ఉంది. హ్యాండిల్ కింది కొసన వేలాడే పొట్టి తాడుకి వరసగా ముడులుంటాయి. బ్రేకు తాడుని హ్యాండిల్‌కి దూరంగా ఉన్న ముడికి మార్చాను. కుడి పవర్ తాడుని మేకుకి తగిలించి ఒళ్ళంతా వేసి సాగదీసి ఎడమదానితో సమానం చేశాం. అరగంట పని. కైట్ మళ్ళీ మొదటి రోజులా లేచింది. ఇప్పుడు నేను చూసే గుర్తు ఇది: కైట్ నడినెత్తిన ఉన్నప్పుడు, హ్యాండిల్స్ మామూలుగా పట్టుకుంటే, బ్రేకు తాళ్ళు కాస్త వదులుగా వంగి కనపడాలి. నిటారుగా బిగిసి ఉంటే తేడా ఉంది. బాగా వేలాడితే ఉల్టా తేడా, బ్రేకు అందదు. దీంతోపాటు వచ్చిన కరపత్రంలో ఆ ముడుల బొమ్మ ఉంది, అవెందుకో ఒక్క వాక్యం లేదు. ఎంతమంది ఇలా మంచి కైట్‌ని మూలన పడేశారో అనిపించింది.

బ్రేకులు కుదిరాకే నాలుగు తాళ్ళ అసలు రుచి తెలిసింది. రెండు బ్రేకులూ కలిపి లాగితే కైట్ మెల్లగా వెనక్కి నడుస్తూ నేల మీద కూచుంటుంది. ఒక చేత్తో పవర్, అదే చేతి కింది వేళ్ళతో బ్రేకు కలిపితే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. ముక్కు నేలకానించి పడిపోయినప్పుడు రెండు బ్రేకులూ లాగితే వెనకంచు ముందుగా పైకి పాకుతుంది. రెండు మూడు మీటర్లు ఎక్కాక ఒకటి వదిలి ఒకటి పట్టుకుంటే గిర్రున తిరిగి ముక్కు పైకి పెడుతుంది. ఇది వచ్చిన రోజు నేను పొందిన ఆనందం, గడ్డి మీద జారడంలో ఎవరికీ దొరకదు. తిప్పిన ప్రతిసారీ తాళ్ళు మెలిపడతాయి, ఐదారు మెలికల దాకా డైనీమా నున్నగా జారుతూనే ఉంటుంది, భయం లేదు. తర్వాత ఎదురు తిప్పితే విడిపోతాయి. అయితే మన తాడు వేరేవాళ్ళ కైట్ తాడుకి అడ్డంగా బిగుసుకుని ఒకేచోట రాసుకుంటే కథ వేరు. డైనీమా 150 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగిపోతుంది, రాపిడి వేడికి ఒకటి తెగి ఊరుకుంటుంది. నాకు ఒకసారి తెగింది. తెగిన తాడుకి మామూలు ముడి వేయకండి, ముడి దగ్గర బలం బాగా పడిపోతుంది. జతగా మార్చడమే.

మిగతా సామాను. హ్యాండిల్స్ బాగున్నాయి, స్పాంజి తొడుగు మూడో ఏటికి చిరిగింది. మేకు మరీ పొట్టి, ఇసుకలో ఊడొస్తుంది, నేనైతే ఇంకోటి పొడవుది పెట్టుకున్నాను. తాళ్ళు చుట్టేటప్పుడు గుండ్రంగా కాకుండా ఎనిమిది అంకెలా చుడితే మెలి పడదు. ఇది నేర్వని మొదటి ఆరు వారాలు ఎగరేసిన సమయం కన్నా చిక్కులు తీసిన సమయమే ఎక్కువ. గుడ్డ రిప్‌స్టాప్ నైలాన్, అంటే చిరుగు పాకకుండా నేసినది. కొత్తలో కాగితంలా గరగరలాడేది, ఇప్పుడు చీరలా మెత్తబడింది. ఎండే దాని శత్రువు. దిగాక గాలికి వదిలేసి కబుర్లు చెప్పుకోకుండా మడత పెట్టేస్తే ఆయుష్షు పెరుగుతుంది. కైట్‌ని పరిచినప్పుడు వెనకంచు మీకేసి పెట్టి దాని మీద పిడికెడు ఇసుక పోయండి, ఎగిరిపోదు. ఆ ఇసుకే గదుల్లోకి చేరుతుంది, చివర్లలో వెల్‌క్రో తెరిచి దులపాలి. ఉప్పు నీళ్ళు తగిలితే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. తడిగా సంచిలో పెట్టిన ఒక్క వారానికే నాదాని మీద నల్ల చుక్కలొచ్చాయి, అవి పోలేదు.

మొదట్లో 5 మీటర్లది తీసుకోలేదే అని నెల రోజులు కుమిలాను. నా బరువుకి, చక్రాల బోర్డు ఎక్కనంత కాలం, 3 సరిపోతుంది. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది 2 నుంచి 3 మధ్యే. గాలి ఎక్కువున్న చోటైతే 2. రెక్క పొడవు మరీ ఎక్కువున్న, సన్నటి వేగమైన కైట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ విసురు గాలిలో మధ్యకి ముడుచుకుపోతాయి, వాటి జోలికి ఇప్పుడే వద్దు. కైట్‌తో గాల్లోకి ఎగరాలన్న కోరిక ఉంటే ఈ రకం కైట్‌తో అసలు వద్దు. ఎగిరాక బలం తగ్గించే ఏర్పాటు దీనికి లేదు.

గుడ్డ మీద మూడు చోట్ల రిప్‌స్టాప్ టేపు అతుకులున్నాయి, తాళ్ళు రెండో జత, కైట్ మాత్రం అదే. మా అమ్మాయిగారు, అదే అన్నయ్య కూతురు, ఇప్పుడు నాకన్నా బాగా వెనక్కి నడిపిస్తుంది, మధ్యలో ఇమ్మంటే "ఇంకో ఐదు నిమిషాలు బాబాయ్" అంటుంది. మొన్న చుట్టేటప్పుడు చూశాను, ఎడమ బ్రేకు తాడు కొసన తొడుగు పీచు లేస్తోంది. ఈసారి గాలొచ్చేలోపు మార్చాలి.