దుర్దశకు సరైన జర్మన్ మాట: డీడబ్ల్యూడీఎస్ నిఘంటువుపై సమీక్ష

బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ విజ్ఞాన అకాడమీ నడిపే డీడబ్ల్యూడీఎస్, జర్మన్ మాటలకు జర్మన్‌లోనే అర్థం చెప్పే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు. ఇంగ్లీషు వ్యాసాలను జర్మన్‌లోకి అనువదించే పనిలో దీన్ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. తీవ్రమైన దుఃఖాన్ని తెలిపే మాటల దగ్గర ఇది చేసినంత సాయం మరేదీ చేయలేదు.

లియో, డిక్ట్.సీసీ వంటి ద్విభాషా నిఘంటువుల్లో ‘మిజరీ’ కోసం వెతికితే ఎలెండ్, నోట్, యామర్, లైడ్ అనే జర్మన్ మాటలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి గాని, ఏ మాట ఏ కష్టానికి నప్పుతుందో ఆ వరుసను బట్టి తేల్చుకోలేము. డీడబ్ల్యూడీఎస్‌లోని ‘వోర్ట్‌ప్రోఫీల్’ విభాగం ఒక మాటతో కలిసి తరచుగా వచ్చే క్రియలను, విశేషణాలను చూపుతుంది. జర్మన్‌లో నోట్‌ను ఉపశమింపజేస్తారు, లైడ్‌ను ఎదుటివారికి కలిగిస్తారు, ఎలెండ్‌లోకి మనుషులను నెట్టివేస్తారు. సాయం కోసం ఎదురుచూసే ఇబ్బంది నోట్ అనీ, అనుభవించే బాధ లైడ్ అనీ, బతుకే అట్టడుగుకు దిగజారిన స్థితి ఎలెండ్ అనీ ఈ జంటలను చూస్తేనే స్పష్టమవుతుంది. యామర్‌ను మాత్రం నేను అరుదుగా వాడతాను, ఎందుకంటే ‘ఎస్ ఇస్ట్ ఐన్ యామర్’ అనే నేటి వాడుక ‘ఎంత విచారకరం’ అన్నంత తేలికైనది.

వోల్ఫ్‌గాంగ్ ఫైఫర్ వ్యుత్పత్తి నిఘంటువు కూడా ఇందులోనే ఉండటం నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఎలెండ్‌కు ప్రాచీన జర్మన్‌లో పరాయి దేశం, ప్రవాసం అని అర్థం. తనవారి అండ లేనివాడి బతుకు దుర్భరం కనుక ఆ మాట క్రమంగా దుర్దశకు పేరైంది. ఇంగ్లీషు ‘రెచ్’ (అభాగ్యుడు) కూడా దేశబహిష్కృతుణ్ణి సూచించిన మాట నుంచే వచ్చింది. అందువల్ల దౌర్భాగ్యమనే అర్థమున్న ‘రెచెడ్‌నెస్’కు ఎలెండ్ నాకు మనసారా నచ్చిన అనువాదం. అయితే ‘రెచ్’కు జర్మన్‌లో చుట్టమైన ‘రెకె’ వీరుడనే అర్థానికి మళ్లింది. మనోవేదన అనే అర్థమున్న ఇంగ్లీషు ‘యాంగ్విష్’, జర్మన్ ‘ఆంగ్‌స్ట్’ రెండూ ఇరుకు అనే భావం నుంచి పుట్టినా, జర్మన్ ఆంగ్‌స్ట్ భయమే. మనోవేదనకు క్వాల్ లేదా జేలెన్‌క్వాల్ రాయాలి.

లోపాలూ ఉన్నాయి. ఉదాహరణల్లో పత్రికల వాక్యాలు ఎక్కువ కావడం వల్ల పేదరికం, యుద్ధం ముందుకొస్తాయి, ఒంటరి మనిషి శోకం వెనకబడుతుంది. దానికోసం సాహిత్యానికీ చోటిచ్చిన 20వ శతాబ్దపు పాఠసంచయంలో (వెతకడానికి వీలుగా పోగుచేసిన రచనల భాండారంలో) విడిగా వెతుకుతాను. కొన్ని పాఠసంచయాలకు నమోదు తప్పనిసరి. జర్మన్ నిర్వచనాలను చదివి అర్థం చేసుకోలేనివారు ద్విభాషా నిఘంటువుతోనే మొదలుపెట్టడం మేలు.