నీళ్లు అయిపోయి ఆగిపోయిన ఎస్ప్రెస్సో మెషిన్: గాజియా క్లాసిక్‌తో మా అనుభవం

ఇంట్లో పెట్టుకోవడానికి ఏ ఎస్ప్రెస్సో మెషిన్ మంచిదని ఎవరు అడిగినా నేను గాజియా క్లాసిక్ పేరే చెబుతాను. కాఫీ రుచి సంగతి తరవాత చెబుతాను. ముందు చెప్పాల్సింది, అది ఆగిపోతే ఎందుకు ఆగిందో మామూలు మనిషికి అర్థమవుతుంది. దీనికి తెర లేదు, ప్రోగ్రాములు లేవు. ముందు మూడు స్విచ్‌లు, పక్కన ఆవిరి వదిలే నాబ్, లోపల ఒక పంపు, ఒక చిన్న బాయిలర్. 1991 నుంచి ఈ మోడల్ వస్తోంది. మధ్యలో కొన్ని మార్పులు జరిగినా అసలు నిర్మాణం అదే.

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. లండన్‌లో ఉద్యోగం చేసిన మా మరిది తిరిగి వచ్చేస్తూ తను వాడిన మెషిన్ మాకిచ్చాడు. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే కాబట్టి కన్వర్టర్ అవసరం రాలేదు. ప్లగ్గు మాత్రం మార్పించి, పెద్ద సాకెట్‌లో పెట్టాం. హీటరు వెయ్యి వాట్ల పైమాటే, చిన్న సాకెట్‌లో అడాప్టర్ తగిలించి నడపొద్దని మా ఎలక్ట్రీషియన్ గట్టిగా చెప్పాడు. పోర్టాఫిల్టర్, అంటే కాఫీ పొడి నింపి మెషిన్‌కి తగిలించే పిడి ఉన్న గిన్నె, 58 మిల్లీమీటర్లు, కాఫీ షాపుల్లో వాడే సైజే. అరకు గింజలు కాస్త ముదురుగా వేయించినవి తెచ్చి, అప్పటికప్పుడు పొడి చేసి పెడితే 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ అరనిమిషంలో దిగుతుంది. మా అత్తగారు జీవితమంతా ఫిల్టర్ డికాక్షన్ తాగిన మనిషి. ఇప్పుడు ఆవిడ ఇందులో దిగిన కాఫీలోనే వేడి పాలు, ఒక చెంచా పంచదార కలిపించుకుంటున్నారు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు.

మొన్న సంక్రాంతికి ఇల్లు నిండా చుట్టాలు. వచ్చినవాళ్లందరికీ వరసగా కాఫీలు, పాలు నురగ పట్టడానికి వెంటవెంటనే ఆవిరి. ఆ హడావుడిలో ట్యాంకు ఖాళీ అయింది. ఎప్పుడూ బరువుగా, మూసినట్టు వినిపించే పంపు చప్పుడు ఒక్కసారిగా పొడిగా, గట్టిగా మారిపోయింది. ట్యాంకు నింపి స్విచ్ వేస్తే చప్పుడు వస్తోంది, నీరు మాత్రం చుక్క కూడా రావడం లేదు. అందరికీ టెన్షన్.

నగరంలో ఒక రిపేరు సెంటర్‌కి ఫోన్ చేశాం. నీళ్లు అయిపోయాయి అనగానే పంపు కాలిపోయింది, మార్చాల్సిందే, మెషిన్ తెచ్చి ఇచ్చేయండి, పార్టు రావడానికి నెల పట్టొచ్చు అన్నారు. పంపు చప్పుడు చేస్తోందా లేదా అని ఒక్క మాట అడగలేదు. నాకు బాధ కలిగించింది అదే. లోపలి కాయిల్ కాలిపోయి ఉంటే స్విచ్ వేసినప్పుడు పంపు నోరు మెదపదు. చప్పుడు వస్తోందంటే చాలావరకు పంపు బాగున్నట్టే, నీటిని అందుకోలేకపోతోంది, అంతే. ఈ తేడా చెప్పి ఉంటే చాలామంది ఇంట్లోనే చేసుకోగలరు. చెప్పకపోవడం వల్ల బాగున్న పంపులు చెత్తబుట్టలోకి వెళ్తాయి.

మా మెషిన్‌లో ఉన్నది ఇటలీలోని ఉల్కా కంపెనీ చేసిన ఈపీ5 పంపు. ఇళ్లలో వాడే చాలా మెషిన్లలో ఈ రకం పంపే ఉంటుంది. తీగచుట్ట మధ్యలో స్ప్రింగు మీద ఒక చిన్న పిస్టన్ ఉంటుంది. మన కరెంటుకి అది సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. కొట్టిన ప్రతిసారీ కాస్తంత నీరు వాల్వు దాటి ముందుకు పోతుంది. పిస్టన్ ముందు నీటి బదులు గాలి ఉంటే ఆ గాలి కుంచించుకుని మళ్లీ ఉబ్బుతుంది తప్ప వాల్వును తెరవలేదు. సంపు మోటారుకి గాలి పట్టినప్పుడు నీళ్లు పోసి ప్రైమింగ్ చేస్తామే, ఇదీ అంతే. దానికితోడు బాయిలర్ వేడిగా ఉంటే లోపలి ఆవిరి ఎదురు తోస్తుంది, గాలికి బయటికి పోయే దారి ఉండదు.

అందుకే మొదట చేయాల్సింది మెషిన్ ఆపి, పూర్తిగా చల్లారనివ్వడం. బాగా కాగిన ఖాళీ బాయిలర్‌లోకి చన్నీళ్లు తోయడం లోహానికి మంచిది కాదు, ఎగజిమ్మే ఆవిరికి చేతులూ కాలతాయి. చల్లారాక ట్యాంకు నింపి, లోపలికి వేలాడే సిలికాన్ గొట్టాలు నీళ్లలో మునిగి ఉన్నాయో లేదో చూడండి. ట్యాంకు తీసి పెట్టేటప్పుడు గొట్టం మడతపడటమో, ట్యాంకు బయటే ఉండిపోవడమో చాలా మామూలు. తరవాత పోర్టాఫిల్టర్ తీసేసి, స్టీమ్ గొట్టం కిందా, కాఫీ దిగే చోటా గిన్నెలు పెట్టి, ఆవిరి నాబ్ పూర్తిగా తెరిచి, కాఫీ స్విచ్ వేయాలి. గాలి బయటపడటానికి అదే సులువైన దారి. చాలామందికి ఇంతటితోనే పని అయిపోతుంది.

మాకు కాలేదు. పంపు ఊరికే కొట్టుకుంటోంది. ఈపీ5 పంపు మీద 2 నిమిషాలు ఆన్, 1 నిమిషం ఆఫ్ అని రాసి ఉంటుంది, అంటే రెండు నిమిషాలు నడిపితే ఒక నిమిషం ఆపాలని. నీళ్లు లేకుండా నడిచే పంపుకి ఆ రెండు నిమిషాలు కూడా చాలా ఎక్కువ, ఎందుకంటే దాన్ని చల్లబరిచేదీ, పిస్టన్ రాసుకోకుండా చూసేదీ నీరే. పది, పదిహేను సెకన్లకు మించి నడపనివ్వకుండా మధ్యమధ్యలో ఆపుతూ వచ్చాను. మా ఆయన మెడికల్ షాపుకి వెళ్లి 50 మిల్లీలీటర్ల ఫీడింగ్ సిరంజి తెచ్చారు. పంపు పీల్చే గొట్టాన్ని ట్యాంకులోంచి పైకి తీసి, నీళ్లు నింపిన సిరంజి మూతిని అందులోకి దూర్చి గట్టిగా పట్టుకున్నాను. ట్యాంకులో రెండు గొట్టాలుంటాయి, ఒకటి పీల్చేది, రెండోది ప్రెషర్ ఎక్కువైనప్పుడు నీటిని వెనక్కి వదిలేది. పని చేయాల్సింది మొదటిదాంతో. మా మరిది స్విచ్ వేశాడు. నేను మెల్లగా నొక్కుతున్నాను. ముందు సిరంజిలోకి రెండు బుడగలు వెనక్కి వచ్చాయి. ఆ తరవాత చప్పుడు ఒక్కసారిగా దిగింది, ఎప్పటి బరువైన శబ్దం వచ్చేసింది. నా వేలు నొక్కకుండానే సిరంజి పిడి దానంతటదే లోపలికి జారిపోవడం మొదలైంది. పంపు పీలుస్తోంది! స్టీమ్ గొట్టం ముందు గాలి కక్కి, తరవాత చిందులు వేసి, చివరికి సన్నటి ధారగా నీళ్లు వదిలింది. వంటింట్లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. సిరంజి ఖాళీ కాకముందే స్విచ్ ఆపి, గొట్టాన్ని వెంటనే నీళ్లలో ముంచేయాలి, లేదంటే గాలి మళ్లీ ఎక్కుతుంది.

ఇంత మెచ్చుకుంటున్నా ఒక లోటు చెప్పకుండా ఉండలేను. 2.1 లీటర్ల ట్యాంకులో నీళ్లు తగ్గితే హెచ్చరించే లైటూ లేదు, మోతా లేదు. ట్యాంకు లోపలికి ఉండటంతో నీటి మట్టం సులువుగా కంటికి ఆనదు. పైన మూత తీసి నీళ్లు పోసే ఏర్పాటు బాగుంది కానీ, ఎంత ఉందో తెలిస్తే కదా పోసేది. ఇంటికి పదిమంది వచ్చేపోయేవాళ్లు ఉండే మనలాంటి ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. మరో సంగతి, బాయిలర్ చాలా చిన్నది. పాలు నురగ పట్టిన ప్రతిసారీ అందులో నీరు ఆవిరై తగ్గిపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా సరే, ఆవిరి వాడటం అయ్యాక ఆవిరి స్విచ్ ఆపి, నాబ్ తెరిచి, గొట్టంలోంచి నీళ్లు ధారగా వచ్చేదాకా పంపు నడిపి బాయిలర్ నింపాలి. ఇలా చేస్తే బాయిలర్ చల్లబడుతుంది కూడా, తరవాతి కాఫీ మాడు రుచి రాదు.

గ్రైండర్ వేరే కొనాలి, కాబట్టి మొత్తం ఖర్చు తక్కువేం కాదు. బటన్ నొక్కితే అన్నీ అదే చేసిపెట్టాలనుకునేవారికి ఇది నచ్చదు. చేత్తో చేసుకోవడం ఇష్టమైనవాళ్లు మాత్రం ధైర్యంగా కొనండి.

ఇంకొక్క మాట. గాలి పోయి నీళ్లు బాగా వస్తున్నా మెషిన్ వేడెక్కకపోతే తప్పు పంపుది కాదు. ఖాళీ బాయిలర్ అతిగా కాగినప్పుడు హీటరుకి కరెంటు ఆపేయడానికి ఒక థర్మల్ ఫ్యూజు ఉంటుంది. అది ఒకసారి పోతే మళ్లీ పని చేయదు, కొత్తది వేయాల్సిందే. మాది పోలేదు. మీది పోతే ప్లగ్గు తీసేసి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించి, అదే రేటింగ్ ఉన్న ఫ్యూజు వేయించండి. ఫ్యూజు తీసేసి వైరు నేరుగా కలిపేస్తానని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు.