ఎన్100తో మూడు వేసవులు: విశాఖ ఇంట్లో మీడియా సర్వర్

మీడియా సర్వర్‌కు, అంటే ఇంట్లోని సినిమాలూ వీడియోలూ ఒకచోట పెట్టుకుని టీవీలకు అందించే కంప్యూటర్‌కు, ఏ ప్రాసెసర్ కొనాలని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే: మీ ఇంట్లో ఉన్న టీవీలు ఏవి, అవి ఏ రకం వీడియోలను నేరుగా ఆడించగలవు? దీనికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. కోర్లు (ప్రాసెసర్ లోపలి గణన విభాగాలు) ఎన్ని, గిగాహెర్ట్జ్‌లెన్ని అన్న లెక్క మాత్రం కంఠతా వచ్చి ఉంటుంది.

లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో 2023 నుంచి పనిచేస్తున్నది ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్. ఆ ఏడాది జనవరిలోనే విడుదలైన చిప్పు అది. నాలుగు చిన్న కోర్లు, 6 వాట్ల రేటింగు. మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది, విడిగా దొరకదు. దానికి 16 జీబీ ర్యామ్, సిస్టమ్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, వీడియోలకు రెండు 4 టీబీ హార్డ్‌డిస్కులు పెట్టాను. ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ మీద జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. అంతా కలిపి ముప్పై అయిదు వేల దరిదాపుల్లో అయింది, అందులో సగానికి పైగా డిస్కులకే పోయింది.

వీడియోను టీవీ ఉన్నదున్నట్టు ఆడించగలిగితే సర్వర్‌కు పనేమీ లేదు, ఫైలు అందిస్తే చాలు. దానికి మూలపడిన పాత ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది. టీవీకి అర్థం కాని వీడియో వచ్చినప్పుడే అసలు పరీక్ష. మా హాల్లో టీవీ కొత్తది, ఏది ఇచ్చినా తీసుకుంటుంది. నాన్నగారి గదిలో ఉన్న పాత ఫుల్ హెచ్‌డీ టీవీకి హెచ్.264 అనే పాత వీడియో ఫార్మాట్ తప్ప మరొకటి పడదు. మనవళ్ల వీడియోలన్నీ ఫోనులో 4కె సైజులో, హెచ్‌ఈవీసీ అనే కొత్త ఫార్మాట్‌లో, వెలుగూ రంగులూ ఎక్కువగా పట్టే హెచ్‌డీఆర్‌లో తీసినవి. నాన్నగారు వాటిని చూడాలంటే సర్వర్ అప్పటికప్పుడు వీడియోను విప్పి, చిన్నది చేసి, హెచ్‌డీఆర్ రంగులను మామూలు తెరకు తగ్గట్టు మార్చి, హెచ్.264లో మళ్లీ కట్టి పంపాలి. ఆ రంగుల మార్పిడి లేకపోతే పట్టుచీర కూడా వెలిసిపోయిన నూలుచీరలా కనిపిస్తుంది.

ఈ పని కోర్ల మీద పెడితే నాలుగూ నూరు శాతానికి చేరతాయి, అయినా బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అదే పని చిప్పులోని గ్రాఫిక్స్ భాగానికి, అందులో వీడియోలు విప్పి కట్టే క్విక్ సింక్‌కు అప్పగిస్తే కోర్లు దాదాపు ఖాళీగా ఉంటాయి. మా ఇంట్లో ఒకేసారి రెండు 4కె మార్పిడులు తడబాటు లేకుండా సాగుతాయి. అందుకే ఈ అవసరానికి కోర్ల సంఖ్యకు నేను పెద్దగా విలువ ఇవ్వను. ద్వారకా నగర్‌లో ఒక దుకాణదారు "సార్, ఐ3-12100ఎఫ్ తీసుకోండి, దీనికంటే ఎంతో వేగం, ధర కూడా తక్కువే" అన్నారు. వేగం నిజమే. కానీ పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్పుల్లో గ్రాఫిక్సే ఉండదు. క్విక్ సింక్ కూడా పోయినట్టే. రాస్ప్‌బెర్రీ పై 5 అనే అరచేతంత కంప్యూటర్ బోర్డు గురించి అడిగేవారూ ఉన్నారు. అందులో వీడియోను మళ్లీ కట్టే హార్డ్‌వేర్ లేదు. అన్ని టీవీలూ కొత్తవైన ఇంటికైతే పరవాలేదు.

అమ్మకు మలయాళం సినిమాల మీద మోజు. వాటి వల్ల సబ్‌టైటిళ్ల తిరకాసు తెలిసింది. అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైళ్లతో గొడవ లేదు, టీవీ వాటిని విడిగా చూపిస్తుంది. బ్లూరే డిస్కుల నుంచి వచ్చే సబ్‌టైటిళ్లు బొమ్మల రూపంలో ఉంటాయి. చాలా టీవీలు వాటిని చూపించలేవు. అప్పుడు ప్రతి ఫ్రేము మీదా ఆ బొమ్మను అతికించి, వీడియో మొత్తాన్ని మళ్లీ కట్టాల్సిందే. ఎన్100 దీన్నీ మోస్తుంది. అమ్మానాన్నల షష్టిపూర్తి డీవీడీ కూడా దాదాపు ఇదే కథ. అందులోది ఎంపెగ్-2 అనే పాత ఫార్మాట్, పైగా గీతలు గీతలుగా వచ్చే ఇంటర్లేస్డ్ బొమ్మ. దాన్ని సరిచేయడం ఈ చిప్పుకు లెక్కలోకి రాని పని. కొత్తగా వస్తున్న ఏవీ1 ఫార్మాట్ వీడియోలను చదవగలదు గానీ, ఏవీ1లో రాయలేదు. ఇంతవరకు నాకు ఆ అవసరం రాలేదు.

ఒక చిన్న మాట, ప్రాసెసర్‌తో సంబంధం లేనిది. చాలా టీవీల వెనక ఉండే ఈథర్‌నెట్ (నెట్‌వర్క్ తీగ) పోర్టు వేగం సెకనుకు 100 మెగాబిట్లు మాత్రమే. 4కె బ్లూరే నుంచి తీసిన వీడియో ఆ హద్దును అక్కడక్కడా దాటుతుంది. తీగ పీకేసి దగ్గరలోని వైఫైకి కలిపితే బాగా నడిచిన సందర్భాలున్నాయి. సర్వర్‌ను తిట్టే ముందు ఇది చూసుకోవాలి.

ఇక మన ఊరి సంగతి. సముద్రానికి ఇంత దగ్గరగా ఉంటే గాలిలోని ఉప్పు దేన్నీ వదలదు. కిటికీ గడియలు, ఏసీ బయటి యూనిట్లు ఏమవుతాయో బీచ్‌రోడ్డు వైపు ఉండేవారికి చెప్పనక్కరలేదు. కంప్యూటర్ ఫ్యాను చేసే పని ఆ ఉప్పుగాలిని లోపలికి లాగి బోర్డు మీద చల్లడమే. అందుకే ప్రాసెసర్ మీద ఫ్యాను లేని, వేడిని పీల్చే లోహపు రెక్కల హీట్‌సింక్ ఒక్కటే ఉన్న బోర్డు ఎంచుకున్నాను. డిస్కుల ముందు మాత్రం నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను ఒకటి, దానికి జాలీ. క్యాబినెట్ మరలకు తుప్పు పట్టింది, బోర్డు మీద ఇంకా ఎక్కడా మచ్చ లేదు. మే నెల ఉక్కపోతలో సినిమా మార్పిడి జరుగుతుంటే ప్రాసెసర్ 70 డిగ్రీలు దాటుతుంది. దాని పరిమితి 105, కాబట్టి నిశ్చింతే. నాకు బెంగ డిస్కులతోనే. అవి 50 డిగ్రీలకు దగ్గరైతే సర్వర్‌ను టీవీ వెనక అరలోంచి తీసి, గాలి ఆడే చోట పెడతాను.

కరెంటు ఖర్చు విషయానికి వద్దాం. డిస్కులు నిద్రలో ఉన్నప్పుడు గోడ దగ్గర మీటరు 15 వాట్ల లోపే చూపిస్తుంది. ఆ లెక్కన నెలకు 11 యూనిట్లు. అంతకుముందు వాడిన పాత డెస్క్‌టాప్ ఊరికే కూర్చొని 60 వాట్లు తాగేది, అంటే నెలకు 43 యూనిట్లు. మన బిల్లుల్లో వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర కూడా పెరుగుతుంది కాబట్టి, మిగిలినవన్నీ ఖరీదైన యూనిట్లే.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నది కొనే ముందే తెలుసుకోవాలి. ఇంటి ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ మీట ఉంటే అది వేసి ఉంచండి. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునేసరికే సర్వర్ ఆగిపోవచ్చు. రూటర్లకు వాడే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు డిస్కులున్న సర్వర్‌కు చాలవు. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కటే దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు రాగానే సర్వర్ దానంతటదే ఆన్ అయ్యే సౌకర్యం బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఉందో లేదో కూడా చూడండి. అది లేని మినీ పీసీలు ఉన్నాయి. మనం ఊళ్లో లేనప్పుడు బటన్ నొక్కడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వస్తుంది.

లోపాలు లేవనను. ఎన్100లో ఉన్నవి తొమ్మిది పీసీఐఈ లేన్లే (కార్డులు, ఎస్‌ఎస్‌డీల వంటివాటికి డేటా వెళ్లే దారులు), ర్యామ్‌కు ఒకటే ఛానల్. నాలుగైదు డిస్కులు కావాలంటే వాటిని తగిలించడానికి విడిగా సాటా కార్డు వేయాలి. వేల ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే పని ఇస్తే రాత్రంతా నలుగుతుంది. అలాంటివి ఎక్కువగా ఉన్నవారు ఎనిమిది కోర్ల ఐ3-ఎన్305 చూడవచ్చు. 2025లో వచ్చిన ఎన్150లో మాత్రం వేగం కాస్త పెరగడం తప్ప చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ధరకు వస్తే తీసుకోండి, దానికోసం అదనంగా పెట్టవద్దు. ఆ డబ్బు ఉంటే డేటా గీతలను ఒకదాని పక్కన ఒకటి విడిగా రాసే సీఎంఆర్ రకం డిస్కు కొనండి. చవకగా దొరికే, గీతల మీద గీతలు కొంత కప్పేలా రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులు పెద్ద ఫైళ్లు ఒకదాని వెంట ఒకటి చాలాసేపు రాసేటప్పుడు నత్తనడకకు దిగుతాయి. నా రెండో డిస్కు రోజూ రాత్రి మొదటిదానికి నకలు తీసుకుంటుంది. పెళ్లి వీడియోల మూడో నకలు మాత్రం హైదరాబాదులో తమ్ముడి ఇంట్లో ఉంది.