థాయ్‌లాండ్ బైలింగ్వల్ స్కూళ్లకు టీచర్లను పంపే హనుమకొండ కన్సల్టెన్సీ: కాయితాల పని భేష్, కాంట్రాక్టు మాత్రం మీరే చదువుకోండి

హనుమకొండ నయీంనగర్ వైపు ఉన్న ఈ కన్సల్టెన్సీ థాయ్‌లాండ్‌లోని బైలింగ్వల్ (రెండు భాషల్లో చదువు చెప్పే) స్కూళ్లకు ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు టీచర్లను పంపిస్తుంది. పేరు రాయడం లేదు. ఇదే ప్యాకేజీని ఇదే తీరుగా అమ్మే ఆఫీసులు కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో కూడా ఉన్నాయి, కింద రాసింది వాటికీ వర్తిస్తుంది. ప్యాకేజీలో ఐదు పనులు: సర్టిఫికెట్ల అటెస్టేషన్ (అసలైనవేనని అధికారిక ముద్రలు వేయించడం), టోయిక్ అనే ఇంగ్లిషు పరీక్షకు కోచింగ్, డెమో క్లాసు తయారీ, కాంట్రాక్టుతో పాటు వీసా, బయల్దేరే ముందు ఒక పూట ఓరియెంటేషన్. మొదటి పనికి మీరిచ్చే ప్రతి పైసాకు న్యాయం జరుగుతుంది. చివరి రెండూ వాళ్ల మీదే వదిలేస్తే అక్కడికి పోయాక ఆగమవుతారు.

ఫైలు చేతిలోకి తీసుకోగానే ఇక్కడ ముందు చూసేది లామినేషన్. మనవాళ్లు టెన్త్ మెమో రాగానే చౌరస్తాకు పోయి లామినేషన్ చేయిస్తారు, భద్రంగా ఉంటుందని. అటెస్టేషన్ ముద్రలు, స్టిక్కర్లు సర్టిఫికెట్ వెనక వైపు పడతాయి. ప్లాస్టిక్ మీద సిరా నిలవదు, కౌంటర్‌లో అసలు తీసుకోరు. ఈ ఆఫీసులో ఆ పని చేసే కుర్రాడి చెయ్యి చూడాలి. ముందు నాలుగు అంచులూ కత్తిరిస్తాడు, ఒక మూల గోటితో పొర లేపుతాడు, హెయిర్ డ్రయర్‌తో సన్నగా వేడి కొడుతూ కాయితానికి దాదాపు ఆనించినట్టే పొరను వెనక్కి మడుస్తూ లాగుతాడు. పైకి ఎత్తి లాగితే కాయితం చీలుతుందట. అక్షరాల సిరా పొరకు అంటుకుని లేస్తున్నట్టు కనిపిస్తే అక్కడే ఆపేసి, డూప్లికేట్ మెమోకు దరఖాస్తు పెట్టమంటాడు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో మాత్రం ప్రయత్నించకండి. వేడి ఎక్కువైతే జిగురు కరిగి కాయితంలోకే దిగుతుంది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

రెండోది ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టా. కాకతీయ యూనివర్సిటీలో డిగ్రీ, బీఎడ్ అయిపోయి ఏళ్లు గడిచినా ప్రొవిజనల్, సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో) పెట్టుకునే ఉద్యోగాలు చేస్తున్న టీచర్లు మన దగ్గర లెక్కలేనంత మంది. ఇక్కడి ప్రైవేటు స్కూళ్లు ఓడీ అడగవు మరి. థాయ్‌లాండ్‌లో టీచర్ లైసెన్సు ఇచ్చే మండలి ఖురుసఫా. దానికి డిగ్రీ పట్టానే కావాలి. బీఎడ్ ఉన్నవాళ్లు బీఎడ్ ఓడీతో పాటు ప్రాక్టీస్ టీచింగ్ మార్కులు కనిపించే మెమో కూడా పెట్టాలి. మన దగ్గర బీఎడ్ 2015 నుంచి రెండేళ్ల కోర్సు, అంతకుముందు ఏడాదే. అందుకే పాత బ్యాచ్ వాళ్లకు ఆ ప్రాక్టీసు మార్కుల కాయితం మరీ ముఖ్యం. ఈ విషయం ఈ ఆఫీసు మొదటి రోజే చెప్తుంది. చాలాచోట్ల ఉద్యోగం ఖాయమయ్యాక చెప్తారు, అప్పుడు ఓడీ కోసం పరుగులు తీస్తుంటే స్కూలు ఇంకొకరిని తీసుకుంటుంది.

మూడోది పేరు. ఉత్తర తెలంగాణ ఫైళ్లలో ఎక్కువగా తన్నేది ఇదే. టెన్త్ మెమోలో ‘బి. స్వాతి’ అని ఉంటుంది, డిగ్రీలో ‘బండి స్వాతి’, పాస్‌పోర్టులో పేరు గడిలోనే మొత్తం ఉండి ఇంటిపేరు గడి ఖాళీ. పెళ్లయ్యాక మార్చుకుంటే నాలుగో రూపం. థాయ్ ఫారాల్లో పేరు, ఇంటిపేరు వేర్వేరు గళ్లు, రెండూ నింపాల్సిందే. ఏది ఏ గడిలో రాశారో వీసాలో, వర్క్ పర్మిట్‌లో, బ్యాంకు ఖాతాలో ఒకేలా ఉండాలి. ఈ ఆఫీసు ముందు పాస్‌పోర్టును సరిచేయించి, ఆ తర్వాతే మిగతా కాయితాలకు ‘ఇద్దరూ ఒక్కరే’ అనే నోటరీ అఫిడవిట్ జత చేస్తుంది. ఆ వరస సరైనదే. అటెస్టేషన్ అయ్యాక పాస్‌పోర్టు మారిస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక అటెస్టేషన్. యూనివర్సిటీ నుంచి జెన్యూన్‌నెస్ వెరిఫికేషన్, హైదరాబాద్‌లో రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, ఆపై విదేశాంగ శాఖ ముద్ర. విదేశాంగ శాఖ పని కోసం ఇప్పుడు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, 2019 నుంచి హైదరాబాద్‌లోని వాళ్ల బ్రాంచి సెక్రటేరియట్‌లోనే అవుతుంది. అయితే కాయితాలు నేరుగా తీసుకోరు, అధీకృత సేకరణ ఏజెన్సీ ద్వారానే ఇవ్వాలి. మామూలు అటెస్టేషన్‌కు ప్రభుత్వ రుసుము లేదు, అపోస్టిల్‌కు (దాని ఒప్పందంలో ఉన్న దేశాల్లో చెల్లే ధ్రువీకరణ స్టిక్కర్) డాక్యుమెంటుకు 50 రూపాయలు, వీటి మీద సేకరణ ఏజెన్సీ చార్జీ కొద్దిగా ఉంటుంది. మిగతాదంతా కన్సల్టెన్సీ మనిషి తిరిగినందుకు ఇచ్చే కూలి. బిల్లులో ఈ రెండూ విడివిడిగా చూపించమని అడగండి, ఈ ఆఫీసు అడిగితే చూపిస్తుంది. అపోస్టిలా, మామూలు అటెస్టేషనా, ఎంబసీ ముద్ర కూడా కావాలా అన్నది స్కూలు నుంచి మెయిల్‌లో రాయించుకోండి. ఇంకో మాట: రాష్ట్ర విద్యాశాఖకు బదులు ఢిల్లీలో ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) ముద్రతో తొందరగా చేయిస్తామంటారు. విదేశాంగ శాఖ దాకా అది నడుస్తుంది గాని, అన్ని ఎంబసీలూ ఒప్పుకోవు. ఆ దగ్గర దారి అడిగి మరీ వద్దనండి.

పోలీస్ క్లియరెన్సు సర్టిఫికెట్ పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు, రుసుము 500. వరంగల్ హెడ్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రం దగ్గర. దీనికి ఏజెంటు అక్కర్లేదు. కాకపోతే మరీ ముందే తీసుకోవద్దు, దానికి కాలపరిమితి చూస్తారు.

టోయిక్ కోచింగ్ ఫరవాలేదు. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లను సాధారణంగా 600 పైన స్కోరు అడుగుతారు. పరీక్ష రెండు గంటలు, 200 ప్రశ్నలు, వినడానికి 45 నిమిషాలు, చదవడానికి 75. మనవాళ్లు దెబ్బతినేది వినడంలో కాదు, చదివే భాగం చివర్లో టైం చాలక. ఇక్కడ ఆ చివరి భాగాన్ని గడియారం పెట్టి చేయిస్తారు. స్కోరుకు రెండేళ్లే విలువ, అది గుర్తుంచుకోండి.

డెమో తయారీ దగ్గర వీళ్ల శిక్షణ మన కార్పొరేట్ కాలేజీ లెక్చర్ పద్ధతిలోనే ఉంది. బోర్డు నిండా రాసి, గొంతు పెంచి చెప్పమంటారు. అక్కడ అది పనికిరాదు. బైలింగ్వల్ స్కూలు అంటే పిల్లలు థాయ్ పిల్లలే. ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు మీ దగ్గర ఇంగ్లిషులో, థాయ్ భాష, సాంఘికం థాయ్ టీచరు దగ్గర. ఇంటికి పోతే ఇంగ్లిషు మాట చెవిన పడదు. మూడో తరగతికి మొక్క భాగాలు చెప్పాలంటే పదిహేను నిమిషాల డెమోలో ఆరు మాటలు చాలు. నిజం మొక్క ఒకటి చేతిలో పట్టుకుని, మాట చెప్పి, ముట్టుకుని చూపించి, పిల్లలతో ముట్టించి, వాళ్లతోనే చెప్పించాలి. మీరు మాట్లాడే సమయం మూడో వంతు మించకూడదు. క్లాసులో థాయ్ కో-టీచర్ ఉంటే ఆమెకు ఏ పని అప్పగిస్తారో కూడా డెమోలో చూపించండి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు అది ప్రత్యేకంగా గమనిస్తారు.

కాంట్రాక్టు దగ్గరే ఈ ఆఫీసు మీద నా అసలు అభ్యంతరం. ఇరవై పేజీల్లో సంతకం పెట్టే చోట్లకు మాత్రం పసుపు కాయితాలు అంటించి ఇస్తారు. మీరు వెతకాల్సినవి వేరే. జీతం పన్నెండు నెలలకా, పది నెలలకా? థాయ్ విద్యాసంవత్సరం మే నడిమిట్లో మొదలై మార్చిలో ముగుస్తుంది. పది నెలల కాంట్రాక్టంటే మార్చి, ఏప్రిల్‌లో అద్దె మీ జేబులోంచే. వారానికి పీరియడ్లు ఎన్ని? 20 నుంచి 25 మామూలు, అంతకన్నా ఎక్కువుంటే అదనపు జీతం రాసి ఉండాలి. ఇంగ్లిష్ క్యాంపులు, శనివారం ఓపెన్ హౌస్‌లు జీతంలో కలిసినవా కావా? వర్క్ పర్మిట్, వీసా ఏడాది పొడిగింపు ఖర్చు ఎవరిది? మధ్యలో మానేస్తే కోత ఎంత? ఈ ఐదింటికీ జవాబు కాంట్రాక్టులో లేకపోతే మెయిల్‌లో తెప్పించుకోండి. ఏజెంటు నోటి మాట అక్కడ చెల్లదు.

వీసా మాట. పోవాల్సింది ఉద్యోగానికి ఇచ్చే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా మీద. వీసా లేకుండా టూరిస్టుగా దిగి, అక్కడ మార్చుకోవచ్చు లెమ్మని ఎవరైనా అంటే ఆ ఆఫీసులో కుర్చీలోంచి లేవండి. వర్క్ పర్మిట్ చేతికి రాకుండా క్లాసులో నిలబడితే చట్టవిరుద్ధమే, దొరికితే పోయేది స్కూలు కాదు, మీరు. ఈ కన్సల్టెన్సీ ఆ దారి చెప్పదు, అది వాళ్ల గౌరవం. 2025 జనవరి 1 నుంచి భారతీయులకు థాయ్ వీసా ఆన్‌లైన్ ఈ-వీసాగా ఇస్తున్నారు, పాస్‌పోర్టును ఢిల్లీకో చెన్నైకో పంపాల్సిన పనిలేదు. బిల్లులో ‘పాస్‌పోర్టు కొరియర్’ అని ఉంటే కొట్టేయించండి.

ఫీజు సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిక్రూటింగ్ ఏజెంటు లైసెన్సు ఉండాలి. సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ, రశీదు తప్పనిసరి. ఇక్కడ గోడమీద ఉన్న లైసెన్సు హైదరాబాద్ ఏజెన్సీ పేరు మీద ఉంది. అలాంటప్పుడు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి, లైసెన్సు నడుస్తోందా, ఈ బ్రాంచికి అనుమతి ఉందా అని చూడాలి. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లు ఎంత నష్టపోయాయో మనందరికీ తెలుసు. టీచరు ఉద్యోగమైనా ఆ జాగ్రత్త తప్పదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ప్రకటనలు కూడా ఒకసారి చూసుకోండి.

ఓరియెంటేషన్ అయితే ఉత్త కాలక్షేపం. విమానంలో బరువెంత, బ్యాంకాక్‌లో ఏమేం చూడాలి, ఇవే. రోజువారీ బతుక్కు కావాల్సింది ఏదీ చెప్పరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు మీ బస గురించి ఇమిగ్రేషన్‌కు తెలపాలి, దాన్ని టీఎం 30 అంటారు. ఆ రశీదు లేకపోతే తర్వాత వీసా పొడిగింపు దగ్గర ఆపుతారు, కాబట్టి గది చూసేటప్పుడే ఓనరు చేస్తాడా అని అడగండి. ప్రతి 90 రోజులకు చిరునామా రిపోర్టు, గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా. దాటితే 2,000 బాత్ జరిమానా. ఏడాది పొడిగింపుకు 1,900 బాత్. అన్నిటికన్నా ఎక్కువమంది పోగొట్టుకునేది రీ-ఎంట్రీ పర్మిట్ (మళ్లీ రావడానికి పోయేముందే తీసుకునే అనుమతి) దగ్గర. బతుకమ్మకు ఇంటికొద్దామని అక్టోబరు సెలవుల్లో విమానం ఎక్కేస్తారు. పర్మిట్ లేకుండా దేశం దాటితే ఆ ఏడాది పొడిగింపు అక్కడికక్కడే రద్దు, వర్క్ పర్మిట్‌కూ చిక్కే. ఒకసారికి 1,000 బాత్, ఎన్నిసార్లైనా అంటే 3,800.

స్కూలు రోజు ఏడున్నరకల్లా గేటు దగ్గర మొదలవుతుంది. పిల్లలు రెండు చేతులు జోడించి ‘వాయ్’ చేస్తారు, మన నమస్కారమే. ఎనిమిదింటికి జెండా, జాతీయ గీతం, అందరూ కదలకుండా నిలబడాలి. పిల్లాడి తలమీద ముద్దుగా చెయ్యి వేయడం మనకు ఆశీర్వాదం, అక్కడ తప్పు. పాదం ఎవరివైపూ చూపకూడదు. రాజకుటుంబం గురించి మాట జారకూడదు, అది జైలు దాకా పోయే చట్టం. క్లాసులో ప్రతి పిల్లాడికీ ముద్దుపేరు ఉంటుంది, హాజరు పట్టీలో అసలు పేరుంటుంది. మొదటి వారంలోనే క్రమసంఖ్య, ముద్దుపేరు పక్కపక్కన రాసుకోకపోతే మార్కులు ఒకరివి ఒకరికి పడతాయి. స్కూలు సమాచారమంతా లైన్ యాప్ గ్రూపులో, అదీ థాయ్‌లో వస్తుంది. రేపు ఏ రంగు చొక్కా, ఏ పీరియడ్ రద్దు, అన్నీ అందులోనే. మెసేజిని కాపీ చేసి అనువాదంలో వేసి చూడటం ప్రతి రాత్రి పనిగా పెట్టుకోండి.

మార్కుల పద్ధతి మన సీబీఎస్‌ఈ లాంటిది కాదు. 80, ఆపైన వస్తే గ్రేడు 4, 75కు 3.5, 70కి 3, ఇలా ఐదేసి మార్కులకు అర తగ్గుతూ 50కి 1, దానికింద సున్నా. సున్నా వచ్చిన పిల్లాడిని అక్కడే వదలరు, మళ్లీ పని ఇచ్చి, మళ్లీ పరీక్ష పెట్టి గట్టెక్కించాల్సింది మీరే. అందుకే టర్మ్ మొదట్లోనే మార్కుల్లో సగం పైన క్లాసు పనికి, ప్రాజెక్టులకు కేటాయించుకుంటే చివర్లో ఆ బరువు పడదు.

తిండి దగ్గర శాకాహారులకు కష్టమే. కూరగాయల వేపుడులో కూడా చేప సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని ఉన్న కొట్టు వెతుక్కోవాలి, అక్కడ వెల్లుల్లి కూడా వేయరు. కందిపప్పు బ్యాంకాక్‌లోని ఫాహురాత్ బజారులో దొరుకుతుంది, జిల్లాల్లో కష్టం.

కన్సల్టెన్సీకి వెళ్లేవాళ్లు నవంబరులో ఫైలు మొదలుపెట్టండి. స్కూళ్లు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మనుషుల్ని తీసుకుంటాయి, ఓడీకి, అటెస్టేషన్‌కు కలిపి ఆ మాత్రం వ్యవధి కావాల్సిందే. డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. అటెస్టేషన్ చార్జీ విడిగా ముందు కట్టండి, సర్వీసు చార్జీ సగం కాంట్రాక్టు చదివి సంతకం పెట్టాక, మిగతా సగం బి వీసా మెయిల్ వచ్చాక. ఈ ఆఫీసు మొదట నసుగుతుంది, గట్టిగా కూర్చుంటే ఒప్పుకుంటుంది.