ఒక్క ఫ్లూ టీకాకే డబ్బుంటే, ఇంట్లో ఎవరికి వేయించడం మేలు?

వానలు పట్టుకున్నాయంటే రాజోలు నుంచి భీమవరం దాకా ఏ క్లినిక్‌లో చూసినా జ్వరాలే. ఫ్లూ టీకా మాట వినపడేదీ అప్పుడే. అది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. బయట డోసు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఇంట్లో ఆయాసం, సుగరు ఉన్న తాతగారు, పురిటికి పుట్టింటికొచ్చిన అమ్మాయి, బడికెళ్లే మనవడు ఉన్నారనుకోండి. ముగ్గురికీ ఒకేసారి కుదరకపోతే ముందు ఎవరికి?

మన ఇళ్లలో ఎక్కువగా మనవడికే. పిల్లల డాక్టరిచ్చిన కార్డులో దానికో గడి ఉంటుంది, తేదీ వేసి ఉంటుంది, తల్లి మరచిపోదు. ఆరు నెలలు నిండినప్పటి నుంచి అయిదేళ్ల దాకా ఏటా వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెబుతోంది. తాతగారికి కార్డేదీ? సుగరు రిపోర్టు చూసి మాత్రలు మార్చి పంపేస్తారు. ఎవరైనా టీకా ఊసెత్తినా, "ఈ వయసులో నాకెందుకండీ సూది, పిల్లోడికి వేయించండి" అనేస్తారాయన. 2017–18లో వయసు మీదపడుతున్నవారి ఆరోగ్యం మీద దేశమంతటా 45 దాటినవారిని అడిగిన లాసీ అనే సర్వేలో ఈ టీకా వేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. అమెరికాలో 65 దాటినవారిలో సగానికి పైగా ఏటా వేయించుకుంటారు.

తాతగారికి ఫ్లూ వస్తే జ్వరంతో పోదు. ఫ్లూ అని తేలిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు దాదాపు ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడా పరిశోధకులు చూపారు. వయసు మీదపడ్డాక టీకా బలం కొంత తగ్గే మాట నిజమే. అయినా ఆస్పత్రి పాలు కాకుండా కాపాడేది అదే.

అయినా సరే, ఒక్క డోసే ఉంటే నేను కడుపుతో ఉన్న అమ్మాయికే వేయిస్తాను. గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ ఊపిరితిత్తుల మీదికి త్వరగా వెళుతుంది. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఈ టీకా వేయరు. అన్నాళ్లూ ఆ బిడ్డకు రక్ష తల్లి నుంచి వచ్చిందే. ఒక్క సూదితో ఇద్దరికి కాపుదల. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే గర్భిణులను ముందు వరుసలో పెట్టింది. మన దగ్గర మాత్రం "కడుపుతో ఉండగా వద్దులే" అనేది ఇంట్లో పెద్దవాళ్లే. ఈ సూదిలో ఉండేది చచ్చిన వైరస్, దాంతో ఫ్లూ రాదు. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం ఉండొచ్చు.

మనవడు బడి ఈడు ఆరోగ్యవంతుడైతే ఆగగలడు. రెండేళ్ల లోపువాడైనా, ఉబ్బసం ఉన్నా ఆగకూడదు. పైగా తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి, ఖర్చూ రెండింతలు.

జూన్‌లోనా, అక్టోబరులోనా? మనకు ఫ్లూ వానల్లోనే ఎక్కువ. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి జూన్ మొదట్లోనే మేలు. గోదావరికి వరదొచ్చి లంక ఊళ్ల జనం పునరావాస కేంద్రంలో ఒకేచోట పడుకునే రోజులకు ముందే రక్షణ వచ్చి ఉండాలి. అమ్మాయికి నెలలు దగ్గరపడితే మాత్రం కాలం చూడొద్దు. తాతగారికి మరుసటి నెల పింఛను అందగానే వేయించండి, ఆయన వద్దన్నా సరే.